అన్న దగ్గర అంటుకున్నది

మా అన్న పోయాక నేను రాగి సంగటి చేయడం మానేశాను. ఒక్కడి కోసం సంగటి కెలికి చూడండి, తెలుస్తుంది. పిండి ఉండలు కడుతుంది, తెడ్డు తిప్పుతుంటే గిన్నె పట్టుకునేవాళ్ళుండరు. మా ఇంట్లో తెడ్డు అన్నది, గిన్నె నాది. మైదుకూరులో మా టైలరు షాపులోనూ అంతే, కత్తెర అన్నది, మిషను నాది. అన్న పెళ్ళి చేసుకోలేదు. నా భార్య పెళ్ళయిన కొత్తలోనే పోయింది. ఇద్దరం మొండి మగాళ్ళం ఒకే కప్పు కింద రోజూ పోట్లాడుకుంటూ ముసలివాళ్ళమయ్యాం. నిరుడు ఎండాకాలంలో ఎవరిదో చొక్కా గుడ్డ కత్తిరిస్తూ అన్న బల్ల మీద తల వాల్చాడు. మళ్ళీ ఎత్తలేదు.

అప్పటి నుంచి నా తిండి బన్నూ టీ. నిద్ర సంగతి అడగనే వద్దు. అయినా నా ఆరోగ్యానికి ఢోకా లేదనుకున్నాను. కరోనా కాలం నుంచి మందుల షాపులో ఇమ్యూనిటీ అని రాసి ఉన్న ప్రతి డబ్బా కొన్నవాణ్ణి మరి. అలమరలో అవి ఇప్పటికీ బారులు తీరి ఉన్నాయి.

ఈ మధ్య ఒక పొద్దున వీపు ఎడమ పక్క మండింది. బనియన్‌లో సూది ఉండిపోయిందేమోనని విప్పి దులిపాను. సూది లేదు. మర్నాటికి వీపు నుంచి రొమ్ము దాకా నీటి పొక్కులు పట్టీ వేసినట్టు లేచాయి. పక్కింటి బూబమ్మ గోడ అవతల నుంచి చూసి, అది అక్కి అని తేల్చేసింది. అక్కి ఒంటిని చుట్టి తలా తోకా కలిస్తే మనిషి దక్కడని మా వైపు భయం. కుండలు చేసేవాళ్ళ చేత జాజు ఎర్రమట్టితో సింహం బొమ్మ రాయించుకుంటే అది ముందుకు పాకదని నమ్మకం. బూబమ్మ తన కొడుక్కి కూడా అట్లాగే రాయించిందట.

నాకు నమ్మకం లేదు. కానీ భయం ఉంది కాబట్టి పోయాను. కుండలు చేసే ముసలామె నన్ను వాకిట్లో కూర్చోబెట్టి, జాజు నీళ్ళలో కలిపి, పుల్లకు గుడ్డ చుట్టి బొమ్మ రాయడం మొదలుపెట్టింది. చెయ్యి కదలకుండా ఉండడానికి రెండో అరచెయ్యి నా వీపు మీద ఆనించింది. అన్న పోయాక ఇంకో మనిషి చెయ్యి నా ఒంటి మీద పడటం అదే మొదలు. ఈ వయసులో, వీధి వాకిట్లో, చొక్కా లేకుండా కూర్చుని ఏడ్చాను.

“మంట పుడ్తాండాదా నాయనా?” అని అడిగి ఆమె వీపు మీద ఊదింది. అవునన్నాను.

అట్నుంచి అటే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె నా వీపు మీది సింహాన్ని చూసి నవ్వి, బొమ్మ ఉంటే ఉండనీ, మాత్రలు మాత్రం ఈ రోజే మొదలుపెట్టాలంది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అని అడిగింది. పోసిందన్నాను. ఆ జబ్బు పురుగు అప్పుడు ఒంట్లోంచి పోలేదట. నరాల మొదళ్ళలో దాక్కుని ఉందట. దాన్ని గుర్తు పెట్టుకున్న రక్షక కణాలు ఇన్నేళ్ళూ అణిచిపెట్టాయట. వయసు మీదపడి, తిండీ నిద్రా లేక, దిగులుతో మనిషి చిక్కిపోతే ఆ కాపలా సడలుతుందట. అలమరలో డబ్బాల గురించి చెప్పాను. వాటికి పెట్టిన డబ్బులతో గుడ్లూ కూరగాయలూ కొనుక్కోమంది. తగ్గాక టీకా గురించి మాట్లాడదామంది. పొక్కులు ఎండేదాకా చంటిపిల్లల దగ్గరికీ, ఆటలమ్మ పోయని కడుపుతో ఉన్నవాళ్ళ దగ్గరికీ పోవద్దంది.

“ఇంట్లో చూసుకునే వాళ్ళు ఎవరుండారు?” అని అడిగింది. మా అన్న ఉన్నాడని నోటిదాకా వచ్చింది.

బూబమ్మ కోడలు కడుపుతో ఉంది, ఆమెకు ఆటలమ్మ ఎప్పుడూ పోయలేదు. అందుకని గోడ దగ్గర నిలబడి మాట్లాడొద్దని బూబమ్మకు నేనే చెప్పాను. ఆమె రోజూ జొన్నరొట్టె గోడ మీద పెట్టి, నన్ను కేకేసి వెళ్ళిపోయేది. నాతో మాట్లాడే ఒక్క మనిషిని కూడా అట్లా దూరం చేసుకున్నాను. షాపు మూసేశాను. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఒక మధ్యాహ్నం మంచం మీద కుడి పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంటే అసలు సంగతి తట్టింది. ఆ ఆటలమ్మ నాకు అన్న దగ్గరే అంటుకుంది. ముందు వాడికి పోసింది. నన్ను ఆ గదిలోకి పోవద్దని అమ్మ వాకిట్లో పడుకోబెట్టింది. వాడు పక్కన లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. అమ్మ కళ్ళు గప్పి వాడి చాప మీదికి దూరాను. నాకూ పోశాక ఇద్దరినీ వేపాకుల మీద పక్కపక్కనే పడుకోబెట్టింది. నేను గీరుకోబోతే అన్న వేపమండతో చేతి మీద ఒక్కటిచ్చేవాడు.

వాడి కత్తెర తుప్పు పడుతోంది. వాడి చొక్కాలు ఎవరికో ఇచ్చేశాను. వాడి దగ్గర అంటుకున్నది మాత్రం ఇన్నేళ్ళూ నా ఒంట్లో ప్రాణంతో ఉంది. దాన్ని తిట్టుకోవడానికి నాకు నోరు రాలేదు. కానీ దీన్ని ఇట్లా లేవనిచ్చినందుకు అన్న ఉంటే నన్ను తిట్టేవాడు, బన్ను తినే మొహమా అని.

అంతలో దురద లేచింది. చెయ్యి దానంతటదే పొక్కుల మీదికి పోయింది. పెరట్లో చెట్టు నుంచి తెచ్చి తలగడ పక్కన పెట్టుకున్న వేపమండ తీసి, నా చేతిని నేనే కొట్టాను.

“గీరాకురా, మచ్చ పడ్తాది,” అన్నాను గట్టిగా. ఖాళీ ఇంట్లో అది అచ్చం అన్న గొంతే.

కాసేపటికి లేచి ఎసరు పెట్టాను. గిన్నెను దించి, గుడ్డ చుట్టి, రెండు పాదాలతో అదిమి పట్టి, తెడ్డు నేనే తిప్పాను. ఉండలు కట్టింది. ముద్ద మొత్తం తిన్నాను.