సత్తిబాబునిచ్చి డేనియల్‌ని తెచ్చిన బేరం

కబడ్డీ కోర్టులో కాలైనా పెట్టకుండా ఒక జట్టుని ఓడించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే మొహమాటపడకుండా నా వైపు చూడండి. పైగా అది పరాయి జట్టు కాదు, మా వీధి జట్టే. దాని కెప్టెను మా అక్క మొగుడు.

మాది తాడేపల్లిగూడెంలో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. పాత బిందె ఇచ్చి కొత్త గిన్నెలు పట్టుకెళ్ళేవాళ్ళే మాకు సగం బేరం. మా నాన్నగారు ఆ పాత బిందెను చేతిలోకి తీసుకుని చూసే చూపుకి, పాపం, సిగ్గుతో దానికి ఇంకో సొట్ట పడేది. "ఇదేంటమ్మా, అడుగు పల్చబడిపోయింది, మెడ వంకరపోయింది. దీన్ని పక్కన పెడితే మిగతా సామాను కూడా పాడైపోతుంది" అనేవారు. అదే నోటితో, మూడేళ్ళుగా ఎవరూ ముట్టని గిన్నెను తీసి, "మా ఇంట్లో వాడుకుందామని దాచుకున్నానమ్మా" అనేవారు. నేను జోలపాటల బదులు ఇవి విని పెరిగాను. పాతికేళ్ళు వచ్చేసరికి ఇక్కణ్ణుంచి ఏలూరు దాకా నన్ను మించిన బేరగాడు లేడని గట్టి నమ్మకం. ఎవరికంటారా? నాకే.

మా సూరిబాబు బావగారికి అప్పటికే నలభై దాటాయి. ఆట ఆడి వచ్చిన రోజు ఆయన మెట్లెక్కుతుంటే మోకాళ్ళు చేసే చప్పుడుకి, పక్కింటివాళ్ళు మేం అప్పడాలు విరుచుకుంటున్నామనుకునేవారు. కొల్లేటి ఒడ్డున ఏటా వేసవిలో జరిగే పోటీల్లో ఒక్కసారి కప్పు కొడితే ఆట మానేస్తానని అక్కకి మాటిచ్చారు. ఆ ఒక్కసారీ రావడం లేదు. వరసగా మూడేళ్ళు ఫైనల్లో ఉంగుటూరు చేతిలో ఓడారు.

"తమ్ముడూ, ఈ ఏడైనా ఆ కప్పు ఇంటికొచ్చేలా చూడరా," అంది అక్క. "ఆయన మోకాళ్ళకి నూనె రాసి రాసి నా అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి."

పోటీలకి మూడు వారాల ముందు మా కొట్టు అరుగు మీద అభిమానుల సభ జరిగింది.

"మన కూతకేం లోటు లేదండీ. లోటంతా పట్టులోనే ఉంది," అన్నారు డ్రిల్లు మాస్టారు ఏసుదాసు గారు. "కూతకొచ్చినవాడు మన కోర్టంతా తిరిగి, అందర్నీ పలకరించి, చుట్టంలా వెళ్ళిపోతున్నాడు. మీద పడి లాగేవాడే లేడు."

"ఎడమ మూల సత్తిబాబున్నాడు కదండీ," అన్నారు బావగారు.

అందరం సత్తిబాబు వైపు చూశాం. మనిషి ధాన్యం బస్తాలా ఉంటాడు. కోర్టులోనూ బస్తా ఎంత కదులుతుందో అంతే కదులుతాడు.

"నేనేం చేసేదండీ, వాడు నా దగ్గరికి రావట్లేదు," అన్నాడు సత్తిబాబు బజ్జీ నములుతూ.

"నువ్వే వెళ్ళొచ్చు కదరా?"

"నేనెళ్ళేసరికి వాడెళ్ళిపోతున్నాడండీ."

"సత్తిబాబుని మధ్యలో పెడదాం" అని ఒకరు, "మధ్యలో పెడితే మనవాళ్ళకే అడ్డం" అని ఒకరు, కాసేపు పెనుగులాడారు. చివరికి మాస్టారు నిట్టూర్చి, "ఉంగుటూరు డేనియల్ లాంటివాడు కావాలండీ. మడమ అందిందా, ఇక వదలడు," అన్నారు.

ఆ పోటీల్లో ప్రతి జట్టూ పరాయి ఊరివాణ్ణి ఒక్కణ్ణి తెచ్చుకోవచ్చు, అతని జట్టు ఒప్పుకుంటే.

"వాళ్ళెందుకు ఒప్పుకుంటారు?" అన్నారు బావగారు.

నేను కాలర్ సర్దుకున్నాను. "ఊరికే అడుగుతామా బావగారూ? పాతదిచ్చి కొత్తది తెచ్చుకుందాం."

"పాతదెవరండీ?" అని అడిగాడు సత్తిబాబు. మాస్టారు తన వంతు బజ్జీ కూడా అతని చేతిలో పెట్టారు.

మర్నాడు పొద్దున్నే సత్తిబాబుని వెంటబెట్టుకుని ఉంగుటూరు వెళ్ళాను. ఆ జట్టు పెద్ద గంగరాజు గారు కాలవగట్టు మీద టీ బడ్డీ దగ్గర కూర్చుని ఉన్నారు. పక్కనే డేనియల్. నేను డేనియల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను.

"ఈయనేనాండీ? ఫొటోలో కాస్త బాగున్నారే. కుడి మోకాలు లోపలికి వంగిందేంటండీ? నడుస్తుంటే చప్పుడొస్తుందా?"

"రాదండీ," అన్నాడు డేనియల్ బెదురుగా.

"వస్తుందండీ. అలవాటైపోయి మీకు వినపడట్లేదు. ఆ మణికట్టు చూడండి గంగరాజు గారూ, ఇంకో రెండు పట్లకి మించి ఆగదు."

గంగరాజు గారు అనుమానంగా చూశారు. డేనియల్ వంగి తన మోకాలు తనే నొక్కుకున్నాడు. పని జరుగుతోందని నాకు లోపల ఒకటే సంబరం.

"ఇప్పుడు మా సత్తిబాబుని చూడండి. కదలడంటారు తెలియనివాళ్ళు. కొండచిలువ మాత్రం కదులుతుందా అండీ? మనిషి మీదికొచ్చేదాకా కళ్ళు మూసుకునుంటుంది. ఆ తర్వాత వదుల్తుందా? మావాళ్ళకి ఈయన విలువ తెలియదు. నాకైతే ఇవ్వడానికి మనసొప్పట్లేదు."

సత్తిబాబు నోట్లో బజ్జీ నోట్లోనే ఆగిపోయింది. కళ్ళు చెమర్చాయి. "నిజంగానాండీ?" అన్నాడు. పుట్టాక అతన్నొకరు పొగడడం అదే మొదలని నాకేం తెలుసు?

బేరం తెగింది. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? కొసరుగా వాళ్ళ జట్టు విజిల్ కూడా పట్టుకొచ్చాను. ఆ సాయంత్రం మా వీధిలో నన్ను భుజాల మీద ఊరేగించారు.

అన్ని జట్లనీ దాటుకుంటూ ఫైనల్‌కి వచ్చాం. ఎదురుగా మళ్ళీ ఉంగుటూరే. చివరి నిమిషం దాకా రెండు జట్లూ సమానం. వాళ్ళవాడు కూతకొచ్చాడు. వచ్చి, సరిగ్గా డేనియల్ ముందు మడమ పెట్టాడు. పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు పెట్టాడండీ!

"పట్టు!" అని అరిచాం అందరం.

డేనియల్ చెయ్యి చాపాడు. మణికట్టు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. ముందుకు దూకబోయాడు. మోకాలు గుర్తొచ్చి ఆగాడు. ఆ వచ్చినవాడు డేనియల్‌ని ముట్టుకుని మరీ వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది బావగారి కూత ఒక్కటే. గుండె నిండా గాలి పీల్చుకుని వెళ్ళారు. సత్తిబాబు మూల కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. బావగారు ధైర్యంగా అటే వెళ్ళారు. అప్పుడు తెరిచాడు కళ్ళు. నేను చెప్పిన కొండచిలువ అచ్చంగా లేచి బావగారి నడుం చుట్టేసింది. "క్షమించండి బావగారూ, నా విలువ మీకు తెలీదు కదండీ," అన్నాడట ఆయన చెవిలో.

ఆట అయ్యాక డేనియల్ నా దగ్గరికొచ్చాడు. మొహంలో కోపమైనా లేదు. "ఏలూరులో ఇద్దరు డాక్టర్లకి చూపించానండీ. మోకాల్లో ఏమీ లేదంటున్నారు. మీకొక్కరికే కనిపించిందండీ," అన్నాడు చేతులు కట్టుకుని. ఆ మాటకి నేను కొల్లేట్లో దూకాల్సింది. వేసవి కదా, అక్కడ మోకాలి లోతు నీళ్ళు కూడా లేవు.

"అదంతా బేరం కోసం అన్నానండీ. మీ మోకాలు బంగారం," అన్నాను.

"ఇప్పుడు పొగుడుతున్నారేంటండీ? నన్నెవరికైనా ఇచ్చేస్తున్నారా?" అన్నాడు డేనియల్.

మరుసటి ఏడాది మళ్ళీ అరుగు మీద సభ.

"ఈసారి ఒక్క మార్పు చాలండీ. ఎలాగైనా సత్తిబాబుని వెనక్కి తెచ్చుకోవాలి," అన్నారు మాస్టారు.

"డేనియల్‌ని వాళ్ళిప్పుడు వద్దంటున్నారుగా, మరి ఎవర్నిచ్చి?" అన్నాను.

అందరూ నా వైపే చూశారు.

బావగారు నన్ను స్వయంగా ఉంగుటూరు తీసుకెళ్ళారు. గంగరాజు గారు టీ గ్లాసు పక్కన పెట్టి, నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"ఫొటోలో కాస్త బాగున్నారే," అన్నారు. "భుజాలు జారిపోయాయండీ. పొట్ట ముందుకొచ్చింది. నోరు మరీ వాడేశారు, అరిగిపోయింది. ఊరికే ఇచ్చినా వద్దండీ."

"పోనీ, కొసరుగా?" అన్నారు బావగారు ఆశగా.

"విజిల్ ఇచ్చేసి తీసుకెళ్ళిపోండి."

తిరుగు బస్సులో నా భుజాలు నిజంగానే జారిపోయినట్టు అనిపించింది. ఇంటికి రాగానే అక్క నూనె సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "కప్పు రాలేదు కాబట్టి ఆయన ఆట మానరు. ఇక ఆయన మోకాళ్ళు నీ పూచీ," అంది.

ఇది రాసే ముందు కూడా అరగంట రాసొచ్చాను. కాబట్టి ఈ నూనె సీసా మీద చెయ్యి పెట్టి, మీ అందరి ఎదుటా ఒట్టేసి చెబుతున్నాను. చెవులున్నదాన్ని దేన్నీ ఇక జన్మలో బేరమాడను. బజార్లో వంకాయల్ని కూడా పుచ్చులని అనను, వినేస్తాయేమోనని భయం. బిందెల సంగతి మాత్రం ఈ ఒట్టులో కలపకండి, అది మా వ్యాపారం.