పాత కార్డులోకి ఎక్కించిన పద్యం

గుడివాడలో శ్యాంబాబు చెవి గురించి చెప్పుకోని నాటకాల వాళ్ళు లేరు. హార్మోనియంలో ఒక్క మెట్టు బద్ధకించినా పక్కగదిలోంచే పట్టేసేవాడు. ఖాళీ క్యాసెట్లలోకి పాటలు ఎక్కించే చిన్న కొట్టుతో మొదలుపెట్టి, దాన్నే రికార్డింగ్ స్టూడియో చేసుకున్నాడు. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి కార్డులొచ్చాయి. మాట మాత్రం మారలేదు. ఇప్పటికీ ఆయన నోట పాట కార్డులోకి ఎక్కాల్సిందే.

ఎవరి ఫోనులో వాళ్ళే పాడుకునే రోజులొచ్చాక స్టూడియో తలుపు తోసేవాళ్ళు తగ్గిపోయారు. అప్పుడే హైదరాబాదు కంపెనీ ఒకటి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. పాటలు తయారుచేసే ప్రోగ్రాంను ఇకమీదట మనిషి కాకుండా ఏఐ ఏజెంటు నడుపుతుందట. అందులో ఏ పనిముట్టు ఏం చేస్తుందో, దాన్ని ఎప్పుడు వాడాలో, మన స్టూడియోల్లో అనుకునే మాటల్లోనే దానికి రాసి పెట్టాలట. "ఏజెంటంటే బీమా కట్టించుకునేవాడా?" అని భార్య రేవతి నవ్వింది. శ్యాంబాబు మాత్రం నవ్వలేదు. తన విద్యకు ఇన్నాళ్ళకు పుస్తకం రాసే యోగం పట్టిందని మురిసిపోయాడు.

ఒక్కో మాటకు ఒక్కో పేజీ రాశాడు. 'శుభ్రం చేయడం' అంటే పాట కానిదంతా తీసేయడం: దగ్గులు, కుర్చీ కిర్రులు, మధ్యలో "టీ వచ్చిందా" అనే మాటలు. 'ఎక్కించడం' అంటే పూర్తయిన పాటను వచ్చినవాళ్ళ కార్డులో పెట్టడం. అదే పేరుతో పాతది ఉంటే ముందు దాన్ని తీసేయాలి. ఈ చివరి వాక్యానికి కారణం ఉంది. ఒకసారి పామర్రు భజన బృందం వాళ్ళు కార్డులో ఉన్న రెండింటిలో పాతదాన్నే మైకులో పెట్టేసి, దగ్గులతో సహా ఊరందరికీ వినిపించారు.

వేసవి చివర్లో ఒక ఉదయం నాగాయలంక నుంచి భ్రమరాంబ గారు వచ్చారు. స్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి, నాటక పద్యాలకు పేరు తెచ్చుకున్న జనార్దనరావు గారి భార్య ఆవిడ. ఆయన పోయి ఏడాది కావస్తోంది. మడత పెట్టిన రుమాల్లోంచి చిన్న కార్డు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంట్లో కూర్చుని ఫోనులో పాడుకున్న పద్యం బాబూ. ఫోను పాడైపోయింది, ఇదొక్కటే మిగిలింది. పక్కన రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరు పడిపోయింది. సంవత్సరీకానికి శిష్యులొస్తారు, వినిపిద్దామని."

"హోరే కదమ్మా, తీసేద్దాం."

"హోరొక్కటే తీయండి." ఆవిడ కాస్త సిగ్గుపడ్డారు. "రెండో పాదం అయ్యాక నన్ను పిలుస్తారండీ. పెళ్ళయిన కాణ్ణుంచీ 'ఇదిగో' అనేవారే గానీ పేరు పెట్టి పిలిచి ఎరగరు. అందులో మాత్రం పేరుతో పిలిచారు. అది ఉండాలి."

"ఎందుకు పోతుందమ్మా, ఉంటుంది," అన్నాడు శ్యాంబాబు.

మామూలుగా అయితే చేత్తోనే చేసేవాడు. కానీ ఆ వారమే ఏజెంటు చేత నిజమైన పని ఒకటి చేయించి చూడమని కంపెనీ వాళ్ళు అడిగారు. పైగా తను నేర్పిన విద్య ఒకరి ముందు చూపించాలన్న ముచ్చట. కార్డు పెట్టి, మైకులో చెప్పాడు: "ఇందులో హోరు తీసి, శుభ్రం చేసి, ఎక్కించు." తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. ముప్పై ఏళ్ళుగా వచ్చిన ప్రతివాడికీ చెప్పిన మాటే ఆ నోట వచ్చింది. చెప్పి, ఎండన పడి వచ్చిన ఆవిడకు నిమ్మసోడా తెద్దామని వీధిలోకి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. స్పీకర్లలో పెట్టాడు. మాస్టారి గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టు వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. రెండో పాదం రాగం సాగి, ఆగింది. మాట్లాడొద్దన్నట్టు ఆవిడ చెయ్యి ఎత్తారు. వెంటనే మూడో పాదం మొదలైంది.

చెయ్యి అలాగే ఉండిపోయింది.

శ్యాంబాబు తెర వైపు చూశాడు. చేసిన పనులన్నీ ఏజెంటు వరసగా రాసి పెట్టింది. పాట కాని మాట ఒకటి తీసేశాను, కార్డులో అదే పేరుతో ఉన్న పాతది తీసేసి కొత్తది ఎక్కించాను. అన్నీ తను రాసిన వాక్యాలే. ఒక్క అక్షరం తప్పలేదు.

స్టూడియోలో వేరే నకలు కూడా తీసి పెట్టుకోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆవిణ్ణి వెంటబెట్టుకుని అప్పటికప్పుడు బందరు వెళ్ళాడు. కార్డులు బాగుచేసే పున్నారావు రెండు గంటలు కుస్తీ పట్టి, తల అడ్డంగా ఊపాడు. "పాతది ఉన్న చోటే కొత్తది పడిందండీ. ఏం మిగల్లేదు."

బస్టాండులో శ్యాంబాబుకు ఆవిడ మొహం చూసే ధైర్యం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది. ఆవిడే అన్నారు, "పద్యం బాగా వచ్చింది లెండి బాబూ. వచ్చేవాళ్ళకి కావలసింది పద్యమే కదా."

నాగాయలంక బస్సు వచ్చి ఆగింది. ఆవిడ మెట్టు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"మీరు విన్నారు కదా, ఎలా పిలిచారు? నాకేదో గారంగా పిలిచినట్టు ఉండేది. నిజమేనంటారా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. విన్నానమ్మా, గారంగానే పిలిచారు అంటే సరిపోయేది. అంత ముసలావిడ ముందు ఆ మాట నోరు దాటలేదు. కార్డు పెట్టింది తనే, ఒక్కసారైనా విని చూడలేదు.

"వినలేదమ్మా. వినకుండానే దానికి ఇచ్చేశాను."

ఆవిడ బస్సు కడ్డీ పట్టుకున్నారు. మొహంలో కోపం లేదు.

"అయితే విన్నదాన్ని నేనొక్కదాన్నే," అన్నారు.