కొత్త తెర మీద గీతలక్క

ఆఫీసులో అందరూ ఆమెను గీతలక్క అనేవారు. పటాలు గీసే ప్రోగ్రాంలో తెర మీద కనబడే విండోలు, బటన్లు, మెనూలు అన్నీ ఒక టూల్‌కిట్‌లోంచి పుట్టేవి. దాని మంచిచెడ్డలు చూసేది ఆమే. పాత కంప్యూటర్లు ఒక్కొక్కటే మూలపడుతుంటే, ఆ టూల్‌కిట్‌ని వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కొత్తవాటి మీదికి చేర్చే పని ఆమె నెత్తిన పడింది.

మొదటిసారి నడిపిన రోజు పటం తలకిందులుగా వచ్చింది. సముద్రం పైన, కొండలు కింద. పాతదానిలో ఎత్తును తెర పై అంచు నుంచి కిందికి కొలిచేవారు. కొత్తదానిలో కింది అంచు నుంచి పైకి. పటాలు గీసే పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుని చూసింది.

"నదిని కొండెక్కించావు కదమ్మా."

"దింపుతానండి. కాస్త టైమివ్వండి."

"తొందరేం లేదులే. ఇలా కూడా బాగానే ఉంది."

ఆ సాయంత్రం వాన వెలిసింది. వీధిలో నిలిచిన నీళ్లలో మేడలు తలకిందులుగా వేలాడుతుంటే, వాటిని చూస్తూ ఆమె ఎక్కాల్సిన బస్సు కాస్తా వదిలేసుకుంది.

పటాన్ని నిలబెడితే అక్షరాలు బోర్లాపడ్డాయి. అక్షరాలను సరిచేస్తే, పై బటన్ నొక్కినప్పుడల్లా కింది బటన్ పలికింది. అవన్నీ ఎలాగో సర్దుకున్నాక అసలు చిక్కు బయటపడింది. పాతచోట టూల్‌కిట్టే ఆగకుండా తిరుగుతూ, ఎవరైనా ఏదైనా నొక్కారా అని అడిగేది. కొత్త సిస్టమ్ దానికి ఒప్పుకోలేదు. నువ్వు ఊరికే ఉండు, పని ఉంటే నేనే పిలుస్తాను అనే రకం అది. ఇద్దరూ పెత్తనం వదలక, విండో తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బిగుసుకుపోయేది.

ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఆమె అదే ఆలోచనలో తేలిపోతుండేది. కర్టెన్ గాలికి ఉబ్బితే అదీ ఒక విండో తెరుచుకున్నట్టే అనిపించేది.

"పిలిస్తే పలకవేంటి?" అన్నాడు భర్త.

"అడుగుతూ తిరగాలో, పిలిచేదాకా ఊరుకోవాలో తేలడం లేదండీ."

"నేను పిలిచి చాలాసేపైంది. టీ చల్లారిపోతోంది, రా."

ఆమెకు నవ్వొచ్చింది. మర్నాడు, ఏళ్ల తరబడి అడుగుతూ తిరిగిన ఆ పాత చుట్టును టూల్‌కిట్‌లోంచి మనసు రాయి చేసుకుని తీసేసింది. పిలుపు వచ్చినప్పుడే పలికేలా టూల్‌కిట్‌ని మార్చడానికి చాలా వారాలే పట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం విండోలు నిద్రలేచిన కళ్లలా ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకున్నాయి. ఆమె ముట్టుకోకుండా వాటివైపే చూస్తూ కూర్చుంది.

అయినా పటాల గదిలో సణుగుడు మొదలైంది. గీసిన ప్రతి గీతా రెండేసి సార్లు పడుతోందట. గీతలక్క వెళ్లి పెద్దావిడ పక్కన కుర్చీ వేసుకుంది.

"నొక్కినట్టే ఉండట్లేదమ్మా," అంది పెద్దావిడ. "అందుకే ఇంకోసారి నొక్కుతున్నా."

నిదానంగా నడిచే పాత కంప్యూటర్లో బటన్ రెప్పపాటు లోపలికి పోయి ఉండేది. ఇక్కడ కంటికి ఆనేలోపే తిరిగి లేచిపోతోంది. గీతలక్క ఆ రెప్పపాటును కావాలని మళ్లీ చేర్చింది.

"వేగంగా ఉన్నదాన్ని నెమ్మది చేస్తారా ఎవరైనా?" అన్నాడు మేనేజర్.

"నొక్కామని చేతికి తెలియాలి కదండీ."

పెద్దావిడ ఒక్కసారే నొక్కింది. తీరం వెంట గీత గీసుకుంటూ పోయింది. తెర మీద ఒక అఖాతం మెల్లగా వంపు తిరిగింది, దాని వెనక చిన్న దీవి తేలింది. తన బల్ల దగ్గర బోలెడు పని ఉన్నా గీతలక్క కదల్లేదు. గీత ఇంకా ముందుకు పోతూనే ఉంది.