హాజరులో రాయని పేరు

జూలై 14, శుక్రవారం. మా ఇంట గృహకూడిక. హాజరైనవారు: పాస్టరయ్యగారు, అమ్మగారు, సంఘ పెద్దలు నలుగురు, స్త్రీల సమాజం నుంచి ముగ్గురు, నేను, నా భార్య మరియమ్మ. మొత్తం పదకొండుగురు. అందరూ క్షేమం.

సహోదరులారా, నా సాక్ష్యం ఇది: మూడేళ్ళ కిందటి నా డైరీలో ఉన్న మాటలివి, ఇవి అబద్ధం! ఆ సాయంత్రం మీరు మా ముందు గదిలో పాటలు పాడుతుండగా నా కుమార్తె ఎస్తేరు వెనక గదిలోనే ఉంది, బయట గడియ పెట్టింది నేనే. ఇంజనీరింగు ముగించిన బిడ్డకు ఏదో భయం పట్టుకుని, తిండి మాని, మాట మాని, రెండేళ్ళు ఆ గది దాటలేదు. మీరు అడిగితే మేలూరులో మేనత్త ఇంట ఉందన్నాను. పెద్దాసుపత్రి మందులతో, వాళ్ళమ్మ కన్నీటి ప్రార్థనతో బిడ్డ మెల్లగా తేరుకుంది. నేను తేరుకోలేదు.

పోయిన నెల చిప్పులు తయారుచేసే ఒక కంపెనీ నుంచి ఆమెకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆ ఖాళీ రెండేళ్ళకు ఏం చెప్పేది? నేను ముప్పై ఏళ్ళు మిల్లు ఆఫీసులో గుమాస్తాని, నిరుడు మూతపడిన ఆ మిల్లు కాగితాలు ఇంకా నా బీరువాలో ఉన్నాయి, ఆమె అక్కడ నూలు పరీక్షించే పని చేసినట్టు టైపు కొట్టి, సంతకమూ నేనే పెట్టి, పైగా మోకాళ్ళూని "ప్రభువా, ఈ కాగితాన్ని ఆశీర్వదించు" అని ప్రార్థించాను!

బిడ్డ రాత పరీక్ష గెలిచింది, సర్క్యూటు బొమ్మలో తప్పెక్కడో వేలు పెట్టి చూపించిందట. చివర్లో ఒక పెద్దాయన నా కాగితం పట్టుకుని, మిల్లులో ఏం పని చేశావమ్మా అని అడిగాడట. వారం రోజులు నేను వల్లెవేయించిన జవాబు వదిలేసి, "అది మా నాయన రాసింది సార్, నేను జబ్బుతో ఇంట్లో ఉన్నాను" అందట. దొంగ కాగితం తెచ్చినవాళ్ళకు ఇక్కడ చోటు లేదని పంపేశారు.

"నోటికాడి కూడు కాలదన్నుకున్నావే! ఒక్క మాట తమాయించుకోలేకపోయావా?" అని అరిచాను.

"రెండేళ్ళు తమాయించుకున్నా గదా నాయనా. నీ డైరీ తియ్యి. నా గురించి ఏం రాశావో చదువు."

ఈ అరవ ఊళ్ళో పెరిగిన బిడ్డ, చదువంతా అరవం, ఇంగ్లీషు. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు; అందుకే ఇన్నాళ్ళూ ధైర్యంగా ఆ డైరీలు బల్లమీదే ఉంచాను. చదివాను. ఆ గృహకూడిక పేజీలో పదకొండుగురు అన్నచోట ఆపింది.

"ఆ పొద్దు నేనూ పాడాను నాయనా. మెల్లగా. మీకు వినపడలా?"

సహోదరులారా, నేలమీద పడి ఏడ్చాను. "ప్రభువా, గడియ పెట్టిన చెయ్యి ఇది, క్షమించు" అన్నాను.

ఉద్యోగం పోయింది, ఇంకెక్కడ దొరుకుతుందో తెలియదు. అయినా ఈ ముసలివాణ్ణి అబద్ధం నుంచి విడిపించిన దేవునికే మహిమ! మీలో ఎవరింటనైనా ఇలా దాచిన బిడ్డ ఉంటే, ప్రభువును నమ్మి తలుపు తియ్యండి, ఆయన సిగ్గుపడడు, సిగ్గు మనదే. ఆసుపత్రికి తోడు నేనొస్తాను.

బిడ్డ ఆ డైరీ చదివించిన మరునాడు ఉదయం ఆ పేజీలో పదకొండు కొట్టేసి పన్నెండు చేశాను. తన పేరు తనే అరవంలో రాసుకుంది. తరువాత స్క్రూడ్రైవరు తెచ్చి ఆ తలుపు గడియ ఊడదీయబోయాను. మూడు స్క్రూలు వచ్చాయి, తుప్పుపట్టిన నాలుగోది కదల్లేదు.

"ఇట్లా ఇయ్యి నాయనా" అని తీసుకుని, తనే తిప్పింది.