రెండో పక్క అరిగిన గరిటె

పోలీసు వేలంలో సామాను కొనేవాళ్ళకు ఒక నియమం ఉండేది. కొన్న వస్తువు ఎవరిదని అడగకూడదు. ఎవరూ పనిగట్టుకొని చెప్పరు. తెలియక అడిగినవాణ్ణి మిగతావాళ్ళు చూసే చూపుతోనే సంగతి అర్థమయ్యేది. దొంగల దగ్గర పట్టుకున్నవి, బస్సుల్లో మరిచిపోయినవి, సత్రాల్లో వదిలేసి పోయినవి, అన్నీ ఒకే కుప్ప. చిత్తూరులో పాత సామాన్ల అంగడి పెట్టిన కొత్తలో నాకు ఈ నియమం తెగ నచ్చింది. వస్తువుకు నోరుండదు, అదే దాని గొప్ప అని అందరికీ చెప్పేవాణ్ణి. అంత తెలివి నాది.

డెబ్భైల చివరి రోజులవి. కొండకు వచ్చే జనం ఎక్కువ కాబట్టి తిరుపతిలో పోగొట్టుకునే సామానూ ఎక్కువే. అందుకని వేలం ఉందని తెలిస్తే చాలు, పొద్దున్నే బస్సెక్కేవాణ్ణి. స్టేషను ఆవరణలో హెడ్డు కానిస్టేబులు ఒక్కో కుప్పనూ లాఠీతో చూపించి పాట మొదలుపెట్టేవాడు. విడిగా ఇచ్చే పద్ధతి లేదు. మంచి బిందె కావాలంటే దాంతోపాటు తెగిన చెప్పులూ విరిగిన గొడుగూ మోసుకుపోవాల్సిందే. ఆ రోజు రెండు ఇత్తడి బిందెల మీద నా కన్ను పడింది. పాట నా మీదే నిలిచింది. వాటితోపాటు ఒక గోనెసంచి కూడా వచ్చింది. అందులో ఏముందో చూడకుండానే బస్సు పైన వేయించాను.

వేలం వాళ్ళ నియమం ఒకటైతే, మా ఆవిడ నియమం ఇంకొకటి. వేలం సామాను ఏదైనా సరే పసుపునీళ్ళు చల్లి, ఆ రాత్రికి అరుగు మీదే ఉంచాలి. తెల్లవారాకే గడప దాటించాలి.

"ఎవురు ఎంత ఏడ్సి పోగొట్టుకున్నారో ఏమో. ఆ ఏడుపు బయటనే ఆరిపోనీ" అనేది.

"బిందెకు ఏడుపు అంటుకుంటాదా? చింతపండేసి తోమితే అదే పోతాదిలే" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"అంగడి నీది, గడప నాది" అనేసి లోపలికి పోయేది. ఇక మాట్లాడేదేముంది!

ఆ సాయంత్రం గోనెసంచి విప్పి ఆమే సామాను అరుగు మీద పరిచింది. సంచిలో ఒక పాత తువ్వాలు, పెళ్ళిళ్ళలో గంగాళాలు కలిపే పొడుగాటి ఇనుప గరిటె ఉన్నాయి. గరిటె పిడికి ఆకుపచ్చ చీరపేలిక చుట్టి ఉంది. ఇనుము తూకానికి పనికొస్తుందనుకున్నాను. అంతకుమించి దాన్ని చూడలేదు.

మా ఎదురింట్లో ఇడ్లీలు అమ్మే ఆమె ఉండేది. ఆమె మొగుడు పెళ్ళిళ్ళకు వంటమేస్త్రి. ఎడమచేతి వాటం మనిషి. పెళ్ళివాళ్ళు ఎడమచేయి చూస్తే ముఖం చిట్లిస్తారని, ఎక్కడికి పోయినా ముందు వంటశాలకు తడికె కట్టించుకొనేవాడు. వంట మాత్రం అమృతం. కొన్నేళ్ళ కిందట తిరుపతిలో ఒక పెళ్ళికి వంటకు పోయి మళ్ళీ రాలేదు. పెళ్ళివాళ్ళను అడిగితే, పని ముగించుకొని ఇంటికని బయలుదేరాడన్నారు. అంతలో ఎవరో ఆయన్ను వేలూరులో ఒక ఆడమనిషితో చూశామన్నారు. మా వీధికి అది చాలు. వేలూరులో కాపురం పెట్టించారు, ఇద్దరు పిల్లల్ని కూడా పుట్టించారు. స్టేషనులో చెప్పమని మా అమ్మ అంటే, "మొగుడు లేచిపోయినాడని పోయి పోలీసోళ్ళకు సెప్పుకోవాల్నా?" అని ఆమె మండిపడింది. ఒకరోజు వీధి కొళాయి దగ్గర, అందరూ చూస్తుండగా, బొట్టు తుడుచుకుంది. గాజులు పగలగొట్టుకుంది. "నాకు వాడు సచ్చినాడు పొండి" అంది. అప్పటినుంచి రోజూ పొయ్యి రాజేస్తూ ఆయన్ను తిట్టేది. ఆ తిట్లు వినబడితేనే మాకు తెల్లవారినట్టు.

మరునాడు పొద్దున ఆమె ఎప్పటిలాగే మా బావి నీళ్ళకు వచ్చింది. అరుగు దగ్గర ఆగిపోయింది. బిందె కిందపడిన చప్పుడుకు నేను బయటికొచ్చాను. గరిటె ఆమె చేతిలో ఉంది.

"ఇది యాడిదప్పా?"

"వేలంలో వచ్చిందక్కా. తిరపతిది. ఎవురిదో నాకు తెలీదు."

"నాకు తెలుసు." గరిటె కొసను నా కళ్ళ ముందు పెట్టింది. "సూడు, అందురి గరిటెలూ ఒక పక్క అరిగితే ఇది రెండో పక్క అరిగిండాది. ఈ పేలిక నా సీరది. సెయ్యి కాలతా ఉండాదంటే నేనే సుట్టిచ్చినాను."

దిక్కులేక చచ్చినవాళ్ళ సామానూ వేలానికే వస్తుందని ఆమెకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. బతికున్న వంటమేస్త్రి గరిటె వదులుకోడు. ఆమె మాత్రం ఏడవలేదు. "పద, ఆ పోలీసాయన్ను అడగల్ల" అంది.

అడగకూడదన్న నియమాన్ని ఆ రోజు గాలికొదిలేశాను. తిరుపతి స్టేషనులో హెడ్డు కానిస్టేబులు మొదట విసుక్కున్నాడు. గరిటె చూశాక ఆమెను బెంచీ మీద కూర్చోమన్నాడు. ఆ కూర్చోమనడంతోనే నాకు సంగతి అర్థమైంది.

"బస్టాండులో వేలూరు బస్సు కాడ పడిపోయినాడమ్మా. ఒళ్ళు కాలిపోతా ఉండె. ఆసుపత్రికి తీసకపోయేలోపలనే పాణం పోయింది. జేబులో ఏమీ లేదు, సేతిలో ఈ సంచి ఒకటే. పోయే ముందర అరవంలో ఏందో గొణిగినాడు. వేలూరాయన అనుకొని ఆ పక్కకు కబురు పంపిస్తిమి. ఎవురూ రాలేదు. మేమే కార్యం సేసేస్తిమి."

"వాళ్ళమ్మది ఆర్కాడు సారూ. జరమొస్తే ఆయనకు అరవమే వస్తాది" అంది ఆమె. తర్వాత నెమ్మదిగా అడిగింది. "వేలూరు బస్సు చిత్తూరు మీదనే కదా పోయేది?"

ఆయన తల ఊపాడు. ఆ బస్సులోనే కదా నేను వేలం సామాను వేసుకొని ఇంటికొచ్చేది! చిత్తూరుకు పోయే మనిషి ఎక్కే బస్సూ అదే, వేలూరుకు పోయే మనిషి ఎక్కే బస్సూ అదే. పోలీసులు వేలూరులో వెతికారు. మా వీధి వేలూరులో కాపురం పెట్టించింది. ఆయనేమో ఇంటికి రావడానికి నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు మేము ఎక్కింది కూడా వేలూరు బస్సే. దారి పొడుగునా ఆమె గరిటెను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది.

మేము ఇల్లు చేరిన గంటలోపే సంగతి వీధంతా పాకింది. మరునాడు పొద్దున తిట్లు వినబడలేదు. ఆ నిశ్శబ్దానికి నేను ఉలిక్కిపడి లేచాను. మా అమ్మ వీధిలోని ముసలమ్మలను వెంటబెట్టుకొని, ఏడ్చి ఓదార్చాలని ఎదురింటికి పోయింది. వెనకాలే నేనూ మా ఆవిడా పోయాము.

ఆమె తలుపు తీసింది. నుదుట పెద్ద కుంకుమబొట్టు ఉంది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. తల్లో పూలు. మా అమ్మ ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. ముసలమ్మలు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"ఇదేందే తల్లీ, ఇప్పుడా బొట్టు పెట్టేది?" అంది మా అమ్మ.

"ఇడిసిపెట్టి పోయినాడని తుడుసుకున్నానత్తా" అంది ఆమె. "ఆయన యాడికీ పోలేదు. ఇంటికే వస్తా ఉండినాడు."