స్పెషల్ వచ్చే ఏడు

సిగార్ల కంపెనీలో అందరూ ఆయన్ని రంగులాయన అనేవారు. రంగులు వేసేవాడు కాదు, రంగులు చూసేవాడు. చుట్టడం అయిపోయిన సిగార్లన్నీ పై అంతస్తులో ఉన్న పొడవాటి బల్ల మీదికి వచ్చేవి. మామూలు కంటికి అవన్నీ ఒకటే గోధుమరంగు. ఆయనకు మాత్రం వాటిలో అరవై పైచిలుకు రంగులు కనిపించేవి. పెట్టెకు పాతిక చొప్పున ముదురువి ఎడమకు, లేతవి కుడికి సర్దాలి. మూత తీసినవాడి చూపు ఆ చివర నుంచి ఈ చివరికి ఎక్కడా తట్టుకోకుండా జారిపోవాలి. దీపాల కింద రంగు సరిగా తెలియదని ఆయన పెద్ద కిటికీ పక్కనే కూర్చునేవాడు. సాయంత్రం వెలుగు పసుపెక్కగానే చేతులు కడుక్కుని లేచిపోయేవాడు. పొగకు కళ్ళు చెడతాయన్న భయంతో జన్మలో ఒక్క సిగార్ కూడా నోట పెట్టలేదు.

ఇంట్లో ఆయన, అక్క. అక్క బట్టలు కుట్టేది. తమ్ముడి పెళ్ళి గురించి పదిహేనేళ్ళు నోరు నొప్పెట్టేలా చెప్పి, ఆయనకు నలభై దాటాక విసుగెత్తి ఊరుకుంది. దారాలు కొనడానికి మాత్రం వెంటబెట్టుకుని వెళ్ళేది. పెళ్ళికూతుళ్ళకు వంకలు పెట్టిన కళ్ళు కనీసం దారాల దగ్గరైనా పనికొస్తున్నాయని దుకాణంలో అందరూ వినేలా అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

అలాంటి రోజుల్లో కంపెనీ మొదటిసారి లిమిటెడ్ ఎడిషన్ విడుదల చేసింది. పనివాళ్ళంతా దాన్ని స్పెషల్ అన్నారు. గిడ్డంగిలో ఏళ్ళ తరబడి మాగిన ఆకు, మామూలు కంటే నల్లటి పై ఆకు, ఒకటికి రెండు కాగితపు పట్టీలు, దేవదారు చెక్క పెట్టె. మొత్తం మూడు వేల పెట్టెలు. అవి అయిపోయాక ఎంత బతిమాలినా ఇంకోటి దొరకదు. ప్రతి పెట్టె అడుగునా అది మూడు వేలలో ఎన్నోదో చేత్తో రాయించాలని యజమానికి ముచ్చట పుట్టింది. దాచుకునేవాళ్ళకు అచ్చు అంకె కంటే మనిషి రాసిన అంకె మీదే మోజట.

అందుకోసం బయటి నుంచి ఒకావిడను పిలిపించారు. కాలేజీ పట్టాల మీద పేర్లూ, దుకాణాలకు బోర్డులూ రాసి బతికే మనిషి. వయసు ముప్పై అయిదు దాటి ఉంటుంది. నది అవతలి పట్నం నుంచి రోజూ రెండు గంటలు బస్సులో వచ్చేది. ఆమెకూ పగటి వెలుగే కావాలి కాబట్టి రంగులాయన బల్లకు రెండో చివర కుర్చీ వేశారు. పని ఆరు వారాలు.

మొదటి వారమంతా వాళ్ళ మధ్య "ఇటివ్వండి", "అటు పెట్టండి" తప్ప మాటల్లేవు. రెండో వారంలో ఆమె కలం పక్కన పెట్టి, తనకైతే అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, మీరు మా అందరినీ మభ్యపెట్టడం లేదు కదా అని అడిగింది. ఆయన రెండు సిగార్లు పక్కపక్కన పెట్టాడు. తేడా తెలియదంది. వాటి మధ్య మూడోది పెట్టాడు. ఆమె కాసేపు తల వంచి చూసి, అమ్మో, అంది. అప్పటి నుంచి భోజనం అయ్యాక రోజూ కాసేపు ఆయన దగ్గర రంగులు నేర్చుకునేది. భర్త పోయి ఏడేళ్ళయిందనీ, పిల్లలు లేరనీ, అత్తగారూ తనూ ఒకరికొకరు తోడుగా ఉంటున్నామనీ ఆ మధ్యాహ్నాల్లోనే చెప్పింది.

నాలుగో వారంలో ఆమె ఒక పెట్టె మూత వేయబోతూ ఆగింది.

"ఏడోదీ ఎనిమిదోదీ తారుమారయ్యాయేమో, ఒకసారి చూడండి."

చూశాడు. తారుమారయ్యాయి. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయన పనిలో తప్పు పట్టిన మొదటి మనిషి ఆమె. నిజానికి ఆ పెట్టె సర్దుతున్నప్పుడు ఆయన చూస్తున్నది సిగార్లను కాదు. ఆరు అంకె మెలిక తిప్పేటప్పుడు ఆమె కింది పెదవి బిగుసుకోవడాన్ని. ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు. ఏమిటి సంగతి అని అక్క అడిగేదాకా ఆ ఈల తనదేనని ఆయనకు తెలియలేదు.

మూడు వేలూ పూర్తయ్యాయి. ఆమె కలాలు కడిగి గుడ్డలో చుట్టుకుని, మళ్ళీ స్పెషల్ వేస్తే పిలుస్తారేమో అంది. పిలుస్తారన్నాడు ఆయన. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ రాలేదు.

రెండో స్పెషల్ రావడానికి రెండున్నరేళ్ళు పట్టింది. కంపెనీ వ్యవహారాలు ఎన్నడూ చెవిన పెట్టని రంగులాయన, గిడ్డంగి చూసే ఆయనతో స్నేహం కలుపుకున్నాడు. ఏ మూటలో ఆకు మాగుతోందో, ఇంకా ఎన్ని నెలలు కావాలో ఆయనకు నోటికి వచ్చేసింది. ఆకు మీద ఇంత ప్రేమ ఎవరికీ ఉండదని గిడ్డంగాయన పదిమందికీ మెచ్చుకోలుగా చెప్పాడు.

ఆమె వచ్చింది. కళ్ళజోడు వచ్చింది. చెంపల దగ్గర నాలుగు వెంట్రుకలు నెరిశాయి. ఆ నెరుపులో ఎన్ని రంగులున్నాయో రంగులాయన మొదటి రోజే చూసేశాడు. ఈసారి చెప్పి తీరాలనుకున్నాడు. మాట కూడా సిద్ధం చేసుకున్నాడు. రోజుకో వంక దొరికింది. చివరి రోజుకు వాయిదా పడింది. ఆ చివరి రోజున యజమాని ఫొటోలు తీసేవాళ్ళను వెంటబెట్టుకుని పైకి వచ్చాడు. ఆఖరి పెట్టె సర్దుతున్న చేతులూ అంకె రాస్తున్న చేతులూ కావాలన్నారు. వాళ్ళు వెళ్ళేసరికి ఆమె బస్సు వేళయింది. మెట్ల దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసి దిగిపోయింది.

కొనేవాళ్ళకు పంచిన చిన్న పుస్తకంలో ఆ ఫొటో అచ్చయింది. మొహాలు లేవు, నాలుగు చేతులే. దుప్పటి దులుపుతుంటే తలగడ కింద ఆ పుస్తకం అక్కకు దొరికింది. తమ్ముడి చేతులు ఆమె గుర్తుపట్టగలదు. మిగిలిన రెండూ ఎవరివని అడిగింది. ఆయన చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. అక్క ఆ రోజు కుట్టుమిషను ముట్టుకోలేదు.

మరో రెండున్నరేళ్ళు గడిచాయి. ఒక సోమవారం పొద్దున, స్పెషల్ ఇక ఏటా వస్తుందనీ, పదివేల పెట్టెలనీ కబురు తెలిసింది. ఏటా పదివేలు వేస్తే అది స్పెషల్ ఎందుకవుతుంది, మామూలే కదా అని చుట్టేవాళ్ళు నవ్వుకున్నారు. రంగులాయన మాత్రం ఆ పూటంతా గాల్లో తేలాడు. ఏటా అంటే ఏటా కనీసం ఆరు వారాలు. మధ్యాహ్నం కింది అంతస్తులోకి ఒక యంత్రం దిగింది. అంకెలు అచ్చువేసే యంత్రం.

ఇరవై మూడేళ్ళలో మొదటిసారి మేనేజరు గది తలుపు తట్టాడు. మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టి, పదివేలు చేత్తో రాయిస్తే ఎన్ని నెలలవుతుందో మీరే చెప్పండి అన్నాడు. ఆయన లేచి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

వారం రోజులు అన్నం సరిగా తినలేదు. అక్క చూసి చూసి, కంచం ముందు నుంచి లాగేసింది.

"కంపెనీ పిలిస్తేనే ఆవిడ రావాలి, సరే. నువ్వు వెళ్ళడానికి ఎవరు పిలవాలిరా?"

ఆ ఆదివారం బస్సెక్కాడు. ఆమె ఉండే పేట పేరు తెలుసు, ఇల్లు తెలియదు. రెండు వీధులు తిరిగాడు. మూడో వీధిలో అడుగుపెట్టగానే ఆగిపోయాడు. ఆ వీధిలో ప్రతి తలుపు మీదా నంబరు ఉంది. ప్రతి ఆరుకూ అదే మెలిక. అంకెల వెంట నడుచుకుంటూ వెళ్ళాడు. చివరి ఇంటి ముందు ఆమె రంగు వేసిన బోర్డు ఆరబెడుతోంది.

ఆయన్ని చూసి ఆశ్చర్యపోలేదు. లోపలికి రమ్మంది. గదిలో మంచం మీద అత్తగారు పడుకుని ఉన్నారు. ఏడాది కిందట జారిపడి తుంటి విరిగింది. ఎవరమ్మా అని అడిగితే, నేను చెప్పలేదూ, రంగులు చూసే ఆయన అంది. ముసలామె ఆయన్ని నిదానంగా చూసి తల ఊపింది.

వంటగది గుమ్మం దగ్గర నిలబడి, ఆయన అయిదేళ్ళ మాట చెప్పేశాడు. ఆమె టీ గిన్నె వైపే చూస్తూ వింది.

"రెండోసారి చివరి రోజు మెట్ల దాకా చూశాను, మీరు నోరు తెరుస్తారేమోనని," అంది.

"తెరవలేకపోయాను."

"అప్పుడైతే ఆవిడ లేచి తిరుగుతుండేది. ఇప్పుడు చూశారుగా. మా ఆయన పోయాక మా పుట్టింటివాళ్ళు తొంగిచూడలేదు. ఈవిడ నన్ను కూతురిలా కడుపులో పెట్టుకుంది. ఈవిడ ఇలా మంచాన ఉండగా నా సుఖం నేను చూసుకోలేను. ఆగమని కూడా మీకు చెప్పను. ఆగడమంటే ఏమిటి? ఆవిడ ఎప్పుడు పోతుందా అని చూడటమేగా."

 ఊరికే వచ్చి పోవచ్చా అని ఆయన అడిగాడు. వస్తే టీ ఇస్తానంది.

నెలకొక ఆదివారం వెళ్ళడం అలా మొదలైంది. అక్క ముసలామెకు వీపు ఒరుసుకోకుండా మెత్తటి దిండు కుట్టి పంపింది. ఆయన పేపరు చదివి వినిపించేవాడు. ముసలామెకు చావు వార్తలంటే మహా ఆసక్తి. పోయినవాళ్ళ వయసు అడిగి, తన కంటే చిన్నవాళ్ళయితే పాపం అనేది, పెద్దవాళ్ళయితే బాగానే బతికారులే అనేది. ఒకరోజు కోడలు నీళ్ళకు వెళ్ళినప్పుడు ఆయన మణికట్టు పట్టుకుంది.

"నాయనా, నేను అడ్డమా?"

"కాదమ్మా" అన్నాడు వెంటనే.

తిరుగు బస్సులో ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలని ఎంతో ప్రయత్నించాడు. ముసలామె అంటే తనకు ఇష్టం. ఆ ఇంట్లో ఆమె మంచం లేని ఆదివారాన్ని ఊహించబోతే మనసు ఒప్పలేదు. అయినా ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే కిటికీ తెరిచే చెయ్యి తనది కావాలని మనసు కొట్టుకుంటూనే ఉంది. రెండూ నిజమే. ఒకటి రెండోదాన్ని చెరపలేదు.

నాలుగేళ్ళయింది ఇలా. కిందటి నెల వెళ్ళేసరికి ముసలామె మంచం మీద కూర్చుని ఉంది. నడుస్తానని పట్టుబట్టింది. ఒక చెయ్యి కోడలు, ఒక చెయ్యి ఆయన పట్టుకున్నారు. ఆరడుగులు వేసి గుమ్మం చేరింది. వీధి చూసి చిన్నపిల్లలా నవ్వింది. ఆయనకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. సంతోషమే. తల ఎత్తేసరికి ముసలామె తల మీదుగా ఆమె ఆయన్నే చూస్తోంది.

ఆ రోజు మొదటిసారి ఆమె బస్సు దాకా తోడు వచ్చింది. దారిలో అత్తగారి మందుల గురించీ, అక్క మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నారు. బస్సు ముప్పావు గంట ఆలస్యం. మిగిలినవాళ్ళంతా బస్సువాడిని తిట్టుకుంటుంటే వీళ్ళిద్దరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. మలుపు దగ్గర బస్సు కనిపించగానే ఆమె ఆయన చొక్కా చేతికంటిన సున్నం దులిపింది. కావలసినదాని కంటే కాసేపు ఎక్కువే దులిపింది. ఆయన ఎక్కి వెనక కిటికీ దగ్గర కూర్చున్నాడు. బస్సు వంతెన ఎక్కేదాకా ఆమె అక్కడే ఉంది.