బల్లకు పిలిచిన డప్పు

మొన్నటి ఆదివారం కామారెడ్డిలో మా చర్చిలో ప్రభువు రొట్టె, రసం పంచే బల్ల ఆరాధన జరిగింది. మోకాళ్ళు సహకరించక నేను వెనక బెంచీలోనే కూర్చుంటాను కనుక, సంఘపెద్ద ఒకాయన చిన్న చిన్న గ్లాసులు పేర్చిన పళ్ళెం నా దగ్గరికే తెచ్చి నిలబడ్డాడు. అందరూ తీసుకోవచ్చని పాస్టరుగారు మైకులో చెబుతూనే ఉన్నారు. రొట్టె ముక్క చేతిలో పట్టుకుని నేను ఎంతసేపు అలా ఉండిపోయానో ఏమో, పక్కనున్న మా అమ్మాయి మోచేత్తో మెల్లగా పొడిచింది. పాపం ఆయన అవతలి బెంచీకి పోవాలి, ఇంకా రెండు పాటలున్నాయి, బయట ఎండ ముదురుతోంది. తినేశాను, తాగేశాను. ఎనభై దాటాక నాకు అన్నీ ఇలాగే అవుతున్నాయి, ముందు మింగడం, తర్వాత తలుచుకోవడం.

నా ఈడువాళ్ళకు బల్ల చీటీ గుర్తుండే ఉంటుంది. మాది ఎల్లారెడ్డికి రెండు కోసుల దూరంలో చిన్న పల్లె. మూడు నెలలకొకసారి కామారెడ్డి నుంచి పాదిరి దొర ఎల్లారెడ్డిదాకా మోటారులో, అక్కడి నుంచి ఎడ్లబండిలో, రేకుపెట్టెలో డబల్ రొట్టె, సీసాలో ఎండు ద్రాక్ష ఉడికించిన రసం పెట్టుకుని వచ్చేవాడు. ముందురోజు సాయంత్రం పెద్దవాళ్ళనందరినీ ఒక్కొక్కరినే పిలిచి మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఎవరితోనైనా మాట్లాడకుండా ఉన్నావా, తాగుతున్నావా, దేవత పండుగకు డప్పు కొడతావా. మూడింటికీ సరైన జవాబు వస్తే సంతకం చేసిన చిన్న చీటీ ఇచ్చేవాడు. మరునాడు ఆ చీటీ గుమ్మంలో మా మిషను బడి పంతులు చేతికిస్తేనే లోపల బల్ల దగ్గరికి రానిచ్చేవారు.

మా నాన్నను బాపు అనేవాళ్ళం. బాపుకు ఆ చీటీ లేదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆగిపోయింది. డప్పు కొట్టినందుకు ప్రతిగా మా తాతలనాడు ఊరు ఇచ్చిన ఎకరం మెట్టచెలక ఒకటి మాకుండేది, ఆ ఎకరమే మా ఇంటి జొన్నరొట్టె. పోచమ్మ పండుగకు పటేలు కబురు పెడితే బాపూ, ఆయన అన్న మా పెద్దబాపూ డప్పులు భుజాన వేసుకుని పోవలసిందే, పోకపోతే చెలక పోతుంది. మా పెద్దబాపు గడుసువాడు. పాదిరి దొర ముందు ప్రతిసారీ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇక కొట్టనని మాట ఇచ్చేవాడు, చీటీ తీసుకునేవాడు, పండుగకు మళ్ళీ అందరికంటే ముందు కొట్టేవాడు. బాపుకు అది చేతకాలేదు. ఏటా పిలుస్తారని, పిలిస్తే పోతానని ఉన్నదున్నట్టు చెప్పేవాడు. పాదిరి దొర తల దించుకుని పుస్తకంలో ఏదో రాసుకునేవాడు.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. మా పల్లె చర్చికి గంట లేదు. బల్ల ఆదివారం పొద్దున్నే వాడంతా తిరిగి డప్పు కొట్టి జనాన్ని పిలిచేది బాపే. అందరూ వచ్చాక డప్పు గోడకు ఆనించి, తను గడప బయట చెప్పుల పక్కన కూర్చునేవాడు. పోచమ్మకు కొడితే పాపమైన డప్పు బల్లకు కొడితే ఎందుకు కాలేదని నేను పంతుల్ని అడిగాను, ఆయన నన్ను పలక తెచ్చుకొమ్మన్నాడు. సంస్కారమంటే కంటికి కనబడని కృపకు కనబడే గుర్తు అని మాచేత వల్లె వేయించిన పంతులే ఆయన. బాపు బాప్తిస్మం కూడా పోయినట్టేనా అని ఇంకోసారి అడిగితే మాత్రం, ఒకసారి పోసిన నీళ్ళు ఎవరూ వెనక్కి తీయలేరని ఓపిగ్గా చెప్పాడు. ఆ మాట ఇంటికి మోసుకొచ్చి బాపుకు చెప్పాను. నవ్వాడు గానీ, ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువే తిన్నాడని మా అమ్మ చెప్పింది. ఆమెను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం.

నా కోరిక ఒక్కటే, నా మొదటి బల్ల బాపు పక్కన మోకరించి తీసుకోవాలని. పదిహేనో ఏట నాకు చీటీ వచ్చింది, బాపుకు రాలేదు. అవ్వ పక్కన మోకరించాను, ముక్కలో సగం నోట్లో వేసుకుని సగం గుప్పిట్లో దాచాను. ఆరాధన కాగానే గడప దాటి బాపు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిరిగి నా గుప్పిట్లోనే పెట్టాడు.

“నాకు చీటీ ఏది బిడ్డా? దొంగతనంగ తింటె గిది బల్ల గాదు, ఉత్త రొట్టె. నువ్వే తిను.”

తిన్నాను. ఆ రోజు పాదిరి దొర మీద వచ్చిన కోపం చాలా ఏళ్ళు నాతోనే ఉంది, ఇప్పుడు కోప్పడే ఓపిక కూడా లేదు.

మరుసటి ఏడు వానలప్పుడు బాపుకు చలిజ్వరం పట్టుకుంది. యుద్ధం రోజులు, క్వినైన్ గోలీలు దొరకలేదు. ఇక లాభం లేదని తెలిశాక పంతులు ఎల్లారెడ్డిదాకా బురదలో నడిచి, మోటారెక్కి కామారెడ్డి పోయి పాదిరి దొరను వెంటబెట్టుకొచ్చాడు. దొర మధ్యాహ్నం వేళ మా గుడిసెలో వంగి అడుగుపెట్టి, మంచం పక్కన నేల మీదే కూర్చున్నాడు. రేకుపెట్టె తెరిచాడు గానీ పుస్తకం బయటికి తీయలేదు.

“అడుగుతలేరేంది దొరా?” అన్నాడు బాపు.

ఇప్పుడవన్నీ అవసరం లేదన్నాడు దొర.

“ఏడేండ్లు అడిగిన్రు. ఇయ్యాల అడుగకుంటె, గా ఏడేండ్లు గడప బయట నేను ఉత్తగనే కూసున్ననా?”

దొర ముఖం ఎర్రబడింది. పుస్తకం తీసి మూడు ప్రశ్నలూ వరసగా అడిగాడు. మొదటి రెండింటికీ బాపు తల అడ్డంగా ఊపాడు. మూడోదానికి కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

“పిలిస్తె పోత దొరా. నా పిల్లల బుక్క అండ్లనే ఉన్నది. మొక్కేది మాత్రం ఆయన్నే.”

ఏడేళ్ళుగా చెప్పిన జవాబే అది. దొర చీటీ తీసి, పేరు రాసి, సంతకం చేసి బాపు చేతిలో పెట్టాడు. అవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. నలుగురు విశ్వాసులైనా కూడితే బాగుంటుందని దొర అన్నాడు, కానీ పిలిచే మనిషి మంచం మీద ఉన్నాడు. ఆడపిల్లలు డప్పు ముట్టని రోజులవి. నేను గోడకున్న డప్పు దించి, చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి కొట్టాను. వానకు మెత్తబడిన తోలు, తడి గోడను చరిచినట్టు చప్పుడైంది. వెనక మంచం మీంచి బాపు గొంతు వినబడింది.

“పొయ్యికాడ సెగ సూపియ్యి బిడ్డా, మోగుతది.”

సెగ చూపించాను. మోగింది. వాడంతా వచ్చింది. అవ్వ రొట్టె ముక్కను రసంలో నానబెట్టి బాపు నోట్లో పెట్టింది, ఆ పక్కనే మోకరించి నేనూ తీసుకున్నాను. పెద్దబాపు మాత్రం ఆ రోజు రొట్టె ముట్టకుండా వాకిట్లోనే కూర్చుని ఏడ్చాడు. మూడో రోజు బాపు పోయాడు. చీటీ ఆయన చేతిలోనే ఉంచి మట్టి చేశాం.

అప్పటికి నా తమ్ముడికి నాలుగేళ్ళు, అవ్వ కొంగు వదిలేవాడు కాదు. తర్వాత వాణ్ణి చదివించింది నేనే, ఎల్లారెడ్డిలో ఇల్లు కట్టుకుంటే సంతోషించిందీ నేనే. బాపు బల్ల వదులుకుని మరీ నిలబెట్టిన ఆ ఎకరాన్ని వాడు నాతో ఒక్క మాటైనా చెప్పకుండా అమ్మేశాడు. పదకొండేళ్ళయింది మేమిద్దరం మాట్లాడుకుని. నిరుడు వాడికి జబ్బు చేసిందని తెలిసింది, పోలేదు.

పటేళ్ళు పోయారు, వెట్టి పోయింది, చీటీలు పోయాయి. మనిషిని చెప్పుల పక్కన కూర్చోబెట్టే రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను, ఆ గడప నాకు తెలుసు. అయినా మొన్న పళ్ళెం ముందు నా చెయ్యి ఆగిపోయింది పాదిరి దొర అడిగే ఆ మొదటి ప్రశ్న దగ్గరే. ఎవరైనా అడిగి ఉంటే నేను బాపు కూతుర్ని, అబద్ధం చెప్పేదాన్ని కాదు, కర్ర పట్టుకుని లేచి బయటికి పోయి కూర్చునేదాన్ని. ఎవరూ అడగలేదు. తినేశాను.